మనిషి లేని వాక్యం

“నేటి నుంచి మన ప్రభుత్వం పొరపాటు చేయదు” అని సాంకేతిక శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు సభలో చప్పట్లు రెండు క్షణాలు ఆలస్యంగా మోగాయి. అపనమ్మకం చేత కాదు. నిన్నటిదాకా చేసినవాటిని ఎవరికి వారు మనసులో ఒకసారి తలచుకోవడం చేత.

మంత్రిగారు అంతటితో ఆగే మనిషి కారు. ‘ప్రజాద్వారం’ అనే కొత్త ఏర్పాటును ఆ వేదిక మీదనే మీట నొక్కి ప్రారంభించారు. ఇకమీదట ఏ పౌరుడూ ఏ కార్యాలయం మెట్లూ ఎక్కనక్కరలేదు. ఆస్పత్రి అనుమతి కావలసినా, పుట్టిన తేదీకి రుజువు కావలసినా ఇంట్లో కూర్చుని ఫోనులో నింపి పంపితే చాలు. పైగా దీనికి వాడిన సాఫ్ట్‌వేర్ ఉచితం. దాని మూలం అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా మార్చవచ్చు. దేశదేశాలవారు ఒకరి ముఖం ఒకరు చూడకుండా, తీరిక వేళల్లో, జీతభత్యాలు లేకుండా రాసిపెట్టినది.

“ఇది అందరిదీ,” అన్నారు మంత్రిగారు. “అందరిదీ అంటే ఏ ఒక్కరిదీ కాదు. ఏ ఒక్కరిదీ కానిదాంట్లో తప్పుంటే, ఆ తప్పు ఎవరిది?”

సభ ఆలోచనలో పడింది.

“ఎవరిదీ కాదు!” అని మంత్రిగారే జవాబు చెప్పి, సభకు ఆ శ్రమ తప్పించారు.

నేను ముప్ఫై ఆరేళ్ళు బడిలో వ్యాకరణం చెప్పినవాణ్ణి. అంతకంటె ఎక్కువ కాలం తెల్లవారుజామున లేచి శాస్త్రపారాయణం చేసినవాణ్ణి. పాపం ఎక్కడ పుడుతుంది, చివరికి ఎవరికి అంటుతుంది అని పెద్దలు వేల పుటలు రాసి కూడా తేల్చలేకపోయిన సంగతిని నాలుగు వాక్యాల్లో తేల్చిన మహానుభావుణ్ణి చూడటం అదే మొదటిసారి. తిలాపాపం తలా పిడికెడు అనుకునే రోజులు పోయాయి. ఇకమీదట ఆ పిడికెడు కూడా ఎవరికీ అంటదు.

ఆ సభలో నాకు మూడో వరసలో చోటు దొరకడానికి కారణం ప్రజాద్వారం డైరెక్టరు. ఒకప్పుడు నా శిష్యుడు. బడిలో ఏ సంధీ సరిగా చెప్పలేదు గాని, ఎవరితో సంధి చేసుకోవాలో మాత్రం చిన్ననాడే గ్రహించినవాడు. సభ ముగియగానే నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“గురువుగారూ, మీతో చిన్న పని పడింది. ఈ సాఫ్ట్‌వేర్ మాట్లాడే భాష బాగాలేదు. మీరు కాస్త సంస్కారం నేర్పాలి.”

భాషకు సంస్కారం నేర్పమని ఒక అధికారి అడిగితే కాదనగలిగిన వ్యాకరణ పండితుడు ఇంకా పుట్టలేదు.

ఆ పనికి ఒక సంఘం వేసి, సందేశ సంస్కరణ సంఘమని పేరు పెట్టారు. మంత్రిగారు అధ్యక్షులు, డైరెక్టరు కార్యదర్శి, నేను సభ్యుణ్ణి. నాలుగో కుర్చీలో ప్రజాద్వారం కార్యాలయంలో ప్రోగ్రాములు రాసే అమ్మాయి కూర్చుంది. ఆమె సభ్యురాలని ఎక్కడా రాయలేదు. కంప్యూటరు తెరవడం మా ముగ్గురికీ రాదు గనుక పిలిచారు.

వాడేవారి పనికి ఏదైనా అడ్డం వచ్చినప్పుడు తెర మీద కనిపించే మాటలు మొత్తం నాలుగువేల రెండు వందలట. అమ్మాయి వాటన్నిటినీ తెలుగు చేసి, అచ్చు తీసి బల్ల మీద పెట్టింది. నిజం చెప్పాలంటే చాలావరకు సంస్కారం లేనివే. రాసినవారు తమవంటి ప్రోగ్రామర్ల కోసం రాసుకున్నారు. మధ్యలో మామూలు మనిషి అనే ప్రాణి ఒకటి వచ్చి చదువుతుందని వారికి తోచినట్టు లేదు. ఒకచోట “మీరు ఇక్కడికి రాకూడదు” అని ఉంది.

“ఎక్కడికి?” అన్నారు మంత్రిగారు.

“తెలీదు సార్. ఆ చోటికి ఎవరూ రారని రాసినాయన అనుకున్నాడు.”

“వస్తే?”

“వచ్చినవాళ్ళదే తప్పన్నట్టు రాశాడు.”

మరొకచోట “చట్టవిరుద్ధమైన చర్య” అని ఉంది. మంత్రిగారు కళ్ళజోడు తీసి, “ఇది ప్రతిపక్షంవాళ్ళు గాని రాయించలేదు కదా?” అని అడిగారు. ఇంకొకచోట “చెల్లని మనిషి” అని ఉంది.

“ఓటేసే మనిషిని పట్టుకుని చెల్లడంటామా? కొట్టెయ్యండి, కొట్టెయ్యండి.”

ఒకదాని దగ్గర మాత్రం మంత్రిగారి వేలు చాలాసేపు నిలిచిపోయింది. “పొరపాటు: విజయవంతం.”

“ఇదేంటమ్మా?”

“అంటే సార్... పని ఆగిపోతుంది. ఎందుకాగిందా అని యంత్రం తనలో తాను వెతుక్కుంటుంది. పొరపాటేమీ లేదు, అంతా విజయవంతం అని తేలుతుంది. పని మాత్రం ఆగే ఉంటుంది. అప్పుడు ఇలా వస్తుంది.”

“భేష్,” అన్నారు మంత్రిగారు. “మన శాఖ వార్షిక నివేదికకు పేరు దొరికింది.”

అమ్మాయి కాగితాల అడుగు నుంచి ఒక పలచని కట్ట పైకి తీసింది. “అన్నీ ఇలాంటివే కాదు సార్. ఒక మూడు వందలు మంచివున్నాయి. ఏది తప్పయిందో, ఏం చేస్తే సరవుతుందో చెప్పేవి. మిగతావాటిని కూడా వీటిలాగా మార్చుకుంటే...”

“ఏది తప్పయిందో చెబితే, తప్పయిందని ఒప్పుకున్నట్టే కదమ్మా,” అన్నాడు డైరెక్టరు.

మంత్రిగారు అతనివైపు మెచ్చుకోలుగా చూశారు. నా శిష్యుడు ఇంత తర్కం ఎప్పుడు నేర్చాడా అని నేనూ మెచ్చుకోలుగానే చూశాను.

“సభలో నేనేమన్నాను? ప్రభుత్వం పొరపాటు చేయదన్నాను. మరి ఈ నాలుగు వేలూ ఎందుకు? ఒక్కటి చాలు. అన్నిటికీ ఒకటే. చదివినవాడికి కోపం రాకూడదు, ఏడుపు రాకూడదు, ప్రశ్న అసలే రాకూడదు. పండితులవారూ, అందుకోండి.”

నేను మొదట సీసపద్యంలో కూర్చాను. తెర మీద పట్టదని అమ్మాయి చెప్పింది. తేటగీతికి దిగాను. అదీ పట్టదంది. చివరకు మనసు దిటవు చేసుకుని వచనంలోకి దిగి, రెండు వాక్యాల్లో నిలబెట్టాను.

“జరుగవలసినది జరిగినది. మీ నిర్వాహకుని ఆశ్రయింపుడు.”

మంత్రిగారు కళ్ళు మూసుకుని రెండుసార్లు తమలో తాము చదువుకున్నారు.

“జరగాల్సింది జరిగింది. దీన్ని కాదనే మొనగాడెవడయ్యా?”

ఆ వాక్యంలోని సొగసును నేను సభకు విన్నవించాను. జరుగు అన్నది అకర్మక క్రియ. వ్యాకరణం ప్రకారం దానికి కర్త ‘జరుగవలసినది’ అన్న మాటే. అంటే జరగవలసినదేదో తనంతట తానే జరిగిపోయింది. వాక్యం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికినా మనిషి అన్నవాడు తగలడు. సకల కార్యాలకూ కర్త ఆ పైవాడొక్కడే అంటారు. మనం ఆయన పేరు కూడా ఎత్తి ఇబ్బంది పెట్టలేదు.

“నిర్వాహకుడంటే ఎవరు మాస్టారూ?” అని అడిగింది అమ్మాయి.

“ఎవరో ఒకరుంటారు కదమ్మా,” అన్నాను.

పాత మాటలను చెరిపేయాలా అని ఆమె అడిగితే, తనిఖీకి వచ్చేవారు అడగవచ్చునని డైరెక్టరు వద్దన్నాడు. యంత్రం తాను చెప్పదలచుకున్నది ఎవరికీ కనబడకుండా లోపల ఒక చిట్టాలో రాసుకోవచ్చును. జనానికి మాత్రం నా వాక్యం చూపించాలి.

అదే ఊపులో దరఖాస్తు పత్రాలు కూడా నా చేతికిచ్చారు. ఒకచోట ‘ఎత్తు’ అన్న మాట పక్కన ‘సెం.మీ.’ అని ఉంది. అచ్చమైన తెలుగు మాటకు తోకలాగా రెండు తెగిన అక్షరాలు, వాటి వెనక చీమల్లా రెండు చుక్కలు. చూడలేక ఎర్రసిరాతో కొట్టేశాను. ఎత్తు అంటే ఎత్తే. దానికి తోక ఎందుకు? ఛాతీ, నడుము వగైరాల పక్కన ఉన్న తోకలను కూడా అదే చేత్తో కత్తిరించాను.

మా ఎదురింట్లో దర్జీ పని చేసుకునే ఇల్లాలు ఒకామె ఉంది. నన్ను బాబాయ్‌గారూ అని పిలుస్తుంది. ఆమె భర్త పెద్ద పెద్ద భవనాలకు రంగులు వేసే పెయింటరు. ఆ నెల మొదట్లోనే మూడో అంతస్తు పరంజా మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక రెండు ముక్కలయింది. లోపల రాడ్డు వేసి అతకాలి. ఆ విద్య తెలిసిన సర్జను మా ప్రభుత్వాస్పత్రికి మూడు నెలలకొకసారి వస్తారు. ఈ విడత రావడం ఇరవయ్యో తేదీన. పద్ధెనిమిదో తేదీ సాయంత్రంలోగా ప్రజాద్వారంలో అనుమతి రావాలి. రాకపోతే మళ్ళీ మూడు నెలలు. అప్పటికి ఎముక వంకరగా అతుక్కుపోతుందనీ, ఇక ఈ జన్మకు నిచ్చెన మాట మరిచిపోవడమేననీ డ్యూటీ డాక్టరు ముందే చెప్పి పంపాడు.

అయిదో తేదీ ఉదయం ఆమె ఫోను పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

“బాబాయ్‌గారూ, అన్నీ నింపాను. పేరు, వయసు, ఎక్స్‌రే, ఎత్తు. రాడ్డు పొడుగు మనిషి ఎత్తును బట్టి తెప్పిస్తారంట. తీరా పంపుతుంటే ఏదో మంత్రంలా వస్తోంది. ఓసారి చూడండి.”

చూశాను. నా వాక్యం! నా మాటను అచ్చులో చూసుకోవడం నాకు కొత్త కాదు గాని, అలా వెలుగుతూ చూడటం అదే మొదలు. ఆమెను కూర్చోబెట్టి అరగంటసేపు అర్థం చెప్పాను. అకర్మక క్రియ సంగతి చెప్పాను. మనిషి లేకపోవడంలోని వేదాంతం చెప్పాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింది.

“అర్థం చాలా బాగుంది బాబాయ్‌గారూ. ఇప్పుడు నేనేది నొక్కాలి?”

ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో అంత కష్టమైన ప్రశ్న నన్ను ఏ విద్యార్థీ అడగలేదు.

“రెండో వాక్యం చూడమ్మా. నిర్వాహకుని ఆశ్రయించాలి.”

“ఆయనెక్కడుంటాడు?”

ఆ సంగతి తేల్చుకోవడానికి ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. కంప్యూటరు ముందు కూర్చున్నతను తల ఎత్తకుండానే విన్నాడు.

“నేను ఆపరేటర్నమ్మా. నిర్వాహకులంటే సభలకుంటారు, సర్కస్‌లకుంటారు. ఇది ఆస్పత్రి.”

“ఇందులో ఆశ్రయింపుడు అని ఉంది కదన్నా.”

“ఉంటుంది. నాకూ రోజూ అదే వస్తుంది. మొన్న సెలవు పెట్టుకుంటే దానికీ అదే వచ్చింది.”

“మరేం చేశావు?”

“డ్యూటీకొచ్చాను.”

అక్కడి నుంచి ప్రధాన కార్యాలయానికి వెళ్ళాం. ఎక్కనక్కరలేదని మంత్రిగారు చెప్పిన మెట్లు నలభై రెండు ఎక్కాం. పై అంతస్తులో సూపరింటెండెంటు మా ఫోను తీసుకుని, వాక్యం మీద వేలు పెట్టి నిదానంగా చదివాడు.

“చూడమ్మా, ‘మీ నిర్వాహకుని’ అని ఉంది. ‘మా నిర్వాహకుని’ అని లేదు. ఈ ఫోను ఎవరిది?”

“నాదేనండి.”

“అయితే నీ ఫోనుకు నిర్వాహకురాలివి నువ్వే. నిన్ను నువ్వే ఆశ్రయించుకోవాలి.”

తన్ను తాను ఉద్ధరించుకోవలసినది తానే అన్న పరమార్థాన్ని ఒక ప్రభుత్వోద్యోగి నోట, అదీ భోజన విరామానికి ముందు వింటానని నేను ఎన్నడూ అనుకోలేదు. దిగివచ్చేటప్పుడు ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె మెట్లు చూసుకుని దిగుతూ, “ఆశ్రయించుకున్నాను బాబాయ్‌గారూ. నాకూ తెలీదంటున్నాను” అంది.

చివరకు నా శిష్యుడికే ఫోను చేశాను.

“గురువుగారూ, మీరు ఇంకా పాతకాలంలోనే ఉన్నారు. ఇది బహిరంగ సాఫ్ట్‌వేర్. లోకమంతా దీనికి నిర్వాహకులే. ఇంటర్నెట్టులో చర్చావేదిక ఉంది, అక్కడ అడగమనండి. మన భాష తెలిసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.”

అడిగింది. నా ఎదుటే కూర్చుని ఒక్కొక్క అక్షరం ఏరుకుని రాసింది: “అన్నయ్యలూ, మా ఆయన ఆపరేషను దరఖాస్తు వెళ్ళడం లేదు. ఎందుకో దయచేసి చెప్పండి.”

అయిదు నిమిషాల్లో ఒకాయన “ఏ వెర్షన్?” అని అడిగాడు.

“ఆయనకు ముప్ఫై ఎనిమిదేళ్ళు” అని ఆమె జవాబు రాసింది.

మరొకాయన “నా దగ్గర బాగానే పనిచేస్తోంది” అన్నాడు. పేరుకు బదులు గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న మూడో ఆయన, “మూలం తెరిచే ఉంది. చదువుకుంటే తెలుస్తుంది. మేమిక్కడ మీ దగ్గర జీతం పుచ్చుకుని కూర్చోలేదు” అన్నాడు. అది నిజమే. ఇంకా ఎవరైనా కరుణించకపోతారా అని మర్నాడు ఆమె అదే ప్రశ్న మళ్ళీ వేసింది. ఆ సాయంత్రానికి, “ఈ ప్రశ్న ఇంతకుముందే ఎవరో అడిగారు. మూసివేశాం” అని వచ్చింది. ఇంతకుముందు అడిగిందెవరా అని చూస్తే ఆమే.

ప్రజాద్వారం కార్యాలయంలో ప్రోగ్రాములు రాసే అమ్మాయిని ఒక మాట అడుగుదామని మాలో ఎవరికీ తోచలేదు. ఆమె సభ్యురాలు కాదు కదా.

ఈలోగా ప్రజాద్వారం కీర్తి సముద్రాలు దాటింది. ప్రారంభించిన నాటి నుంచి నమోదైన పొరపాట్ల సంఖ్య సున్న. ఇంతటి సున్న భూమండలంలో మరెక్కడా లేదని పరాయి దేశపు సంస్థ ఒకటి కనిపెట్టి, ‘పొరపాటెరుగని పాలన’ అనే పురస్కారం ప్రకటించింది. పందొమ్మిదో తేదీన సభ. మంత్రిగారికి కొత్త కోటు కావలసి వచ్చింది. నేను వెంటనే మా ఎదురింటి దర్జీ పేరు చెప్పాను. కొలతలు తీసుకునే వంకతో ఆమె తన గోడు మంత్రిగారి చెవిన వేసుకోగలదని నా ఆలోచన.

“కొలతలిచ్చేంత తీరిక ఆయనకెక్కడిది గురువుగారూ?” అన్నాడు డైరెక్టరు. “ప్రజాద్వారంలో ఆయన ఆరోగ్యపత్రం ఉంది. అందులో అన్నీ ఉన్నాయి. గుడ్డతోపాటు పంపిస్తాను.”

పదిహేడో తేదీ ఉదయం గుడ్డా కాగితమూ వచ్చాయి. ఇచ్చి రావడానికి నేనే వెళ్ళాను. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దానికి ఎదురుగా మంచం మీద కాలు దిండ్లమీద పెట్టుకుని పెయింటరు. గోడకు సగందాకా లేత ఆకుపచ్చ రంగు వేసి ఉంది. పడటానికి ముందు ఆదివారం మొదలుపెట్టి ఆపిన పని. ఆమె కాగితం విప్పి చదివింది. ఛాతీ 107. నడుము 112. భుజం 46. పొడవు 76. అంతే. తోకలు లేవు.

“బాబాయ్‌గారూ, ఇది ఎవరి కొలత?”

“మంత్రిగారిదమ్మా.”

“నూట ఏడు అంగుళాల ఛాతీ అంటే మంత్రిగారు కాదండీ, మంత్రివర్గం.”

“కుట్టెయ్యవే,” అన్నాడు భర్త మంచం మీద నుంచి. “ఓ మూలన నేను కూడా పడుకుంటా.”

నేను డైరెక్టరుకు ఫోను చేశాను. “ఉన్నది ఉన్నట్టు కుట్టమనండి గురువుగారూ. ప్రభుత్వ పత్రంలో పొరపాటుండదు” అన్నాడు.

ఆమె మెడలోని టేపు తీసి చేతిలో పట్టుకుని కాసేపు ఆ అంకెలవైపే చూసింది. తరవాత టేపును తిరగేసింది.

టేపుకు రెండో వైపు ఉంటుంది. సన్నని గీతలు, చిన్న అంకెలు. పదిహేనేళ్ళుగా ఆమె చేతిలో టేపులు ఎన్ని మారినా ఆ వైపుతో ఆమెకు పని పడలేదు. ఇవతలి వైపు అంకెలు వేళ్ళ రాపిడికి చెరిగిపోయినా, అవతలి వైపు కొన్ననాటిలాగే మెరుస్తోంది. నూట ఏడు దగ్గర గోరు ఆనించి ఇటు తిప్పింది. నలభై రెండు. నూట పన్నెండు దగ్గర ఆనించి తిప్పింది. నలభై నాలుగు.

“మంత్రిగారు మనిషేనండీ బాబాయ్‌గారూ. అటువైపు రాశారు.”

నవ్వబోయి ఆగిపోయింది.

“ఆ ఫారంలో ఎత్తు కూడా అటువైపేనా?”

ఎత్తు అంటే ఎత్తేనని నేను చెప్పవచ్చును. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. జేబులోని ఎర్రసిరా కలాన్ని ఇంకాస్త లోపలికి తోసుకున్నాను.

“నేను అరవై ఆరని రాశాను,” అంది ఆమె. “టేపు అరవై, పైన ఆరు.” మంచం దగ్గరికి వెళ్ళి, భర్త తల దగ్గర టేపు కొస నొక్కిపెట్టి, మంచి కాలి మడమదాకా రెండు విడతలుగా కొలిచింది. “నూట యాభై. పైన పద్ధెనిమిది.”

“అబ్బో. పడ్డాక బాగా పెరిగానే.”

“మడమ తిన్నగా పెట్టు. నోరు తర్వాత.”

నూట అరవై ఎనిమిది అని రాసి పంపింది. తెర ఒకసారి తెల్లబడింది. తరవాత “అనుమతి మంజూరైనది” అని వచ్చింది. ఆమె కేక పెట్టలేదు, దండం పెట్టలేదు. ఫోను భర్త గుండెల మీద పెట్టి, సుద్దముక్క తీసుకుని మంత్రిగారి గుడ్డ పరిచింది.

నేను ఇంటికి వెళ్ళకుండా తిన్నగా ప్రజాద్వారం కార్యాలయానికి వెళ్ళాను. ప్రోగ్రాములు రాసే అమ్మాయి ఒక్కతే ఉంది. సంగతి చెప్పి, యంత్రం లోపల రాసుకునే చిట్టా చూపించమన్నాను. ఆమె తెరిచింది.

“మీ ఎదురింటావిడ నలభై ఒక్కసారి పంపారు మాస్టారూ. ఇదుగోండి.”

నలభై ఒక్క వరసలున్నాయి. నలభై ఒక్క వరసల్లోనూ ఒకటే మాట ఉంది. “ఎత్తు సెంటీమీటర్లలో రాయండి. అంగుళాల్లో రాశారేమో చూసుకోండి.” విసుగు లేదు, కసురు లేదు. మొదటిసారి ఎలా చెప్పిందో నలభై ఒకటోసారీ అలాగే చెప్పింది. ఎవరూ లేని గదిలో.

“ఇది ఎవరు రాసిందమ్మా?”

“నేనే. చదువుకునే రోజుల్లో. మా అమ్మమ్మ ఎవరి ఎత్తయినా అంగుళాల్లోనే చెప్పేది. అలాంటివాళ్ళుంటారు కదా అని రాసి పంపితే ఆ సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకున్నారు.” ఆ వరస మీద వేలు పెట్టింది. “ఆ మూడు వందల్లో ఒకటి మాస్టారూ.”

“కింద ఇంకా చాలా ఉన్నట్టుంది.”

“ఇవాళ్టివి చూస్తారా, మొత్తం చూస్తారా?”

నాకు సంధ్యావందనానికి వేళయిందని చెప్పి వచ్చేశాను.

పందొమ్మిదో తేదీ సభ నభూతో అన్నట్టు జరిగింది. కోటు మంత్రిగారికి అతికినట్టు కుదిరింది. కుట్టు ఎంత బాగుందంటే, దాని లోపల ఉన్నాయన కూడా ఆ నాలుగు గంటలసేపు నిటారుగా నిలబడక తప్పలేదు. పురస్కారం అందుకుని ఆయన మైకు దగ్గరికి వచ్చారు.

“ఈ విజయం ఒక్క ప్రజాద్వారంతో ఆగకూడదు. రేపు ఉదయం నుంచి అన్ని శాఖలకూ ఇదే విధానం. రైల్వేస్టేషన్లు, కోర్టులు, ఆస్పత్రులు. ఎవరు ఏమడిగినా ఒకటే జవాబు. మన పండితులవారి వాక్యం!”

లేచి నమస్కరించమని డైరెక్టరు నా మోచేయి పొడిచాడు. లేచి నమస్కరించాను. ఆనాడు చప్పట్లు ఆలస్యం కాలేదు.

ఇరవయ్యో తేదీ ఉదయం తొమ్మిదింటికి పెయింటరును లోపలికి తీసుకువెళ్ళారు. “గోడ మిగతా సగం ఎవరి చేతా వేయించకు” అని చెప్పి వెళ్ళాడు. నడవలో బెంచీ మీద ఆమె, పక్కన నేను. ఆమె మెడలో టేపు అలాగే ఉంది. తీయడం మరిచిపోయినట్టుంది. పది దాటింది. పదకొండు దాటింది. పన్నెండు గంటలకు లోపల ఏదో లోహపు పళ్ళెం కింద పడిన చప్పుడయింది. ఆమె నా చేయి పట్టుకుని, మళ్ళీ వదిలేసింది.

ఒంటిగంటకు తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి, చేతిలో కాగితం చూసి చదివింది.

“జరుగవలసినది జరిగినది.”

ఆమె లేచి నిలబడింది.

నర్సు రెండో వరస చూసుకుంది. “మీ నిర్వాహకుని ఆశ్రయింపుడు.”

“అంటే ఏంటక్కా? బానే ఉన్నాడా?”

“అంతే చెప్పమన్నారమ్మా. పొద్దున్నే సర్క్యులర్ వచ్చింది.” మాట పూర్తిచేసేటప్పుడు ఆ నర్సు మా ముఖాలు చూడలేదు. తలుపు మూసుకుంది.

ఆమె నావైపు తిరిగింది.

“బాబాయ్‌గారూ, మీరు రాసిందే కదా. అర్థం చెప్పండి.”

పదిహేను రోజుల కిందట ఆ వాక్యానికి అరగంటసేపు అర్థం చెప్పినవాణ్ణి. కావలసివస్తే గంటసేపు చెప్పగలవాణ్ణి. నోరు తెరిచాను. జరుగు అన్నది అకర్మక క్రియ అన్న సంగతి తప్ప అందులో ఇంకేమీ దొరకలేదు.

“నాకు తెలీదమ్మా,” అన్నాను.

ఆమె కిందికి చూసింది. టేపు కొసను వేలికి చుట్టుకుంటూ పోయింది. వేలు ఎర్రబడింది. నేను ఆ తలుపువైపు నడిచి, తట్టాలా వద్దా అని చెయ్యెత్తి నిలబడ్డాను.

తలుపు దానంతట అదే తెరుచుకుంది. నేల తుడిచే ఆవిడ బకెట్టు మోసుకుంటూ బయటికి వచ్చింది.

“తప్పుకోండి బాబూ, నీళ్ళున్నాయి. ఏమ్మా, ఆ రంగులేసే ఆయన మీవాడేనా? అట్టా బిగుసుకుపోయావేం? కూర్చో, కూర్చో. రాడ్డు సరిగ్గా పట్టిందంట. కాలివేళ్ళు కదుపుతున్నాడు. కళ్ళు తెరవగానే, గోడకు ఎవరైనా రంగేశారా అని అడిగాడు. లోపల డాక్టర్లంతా ఒకటే నవ్వు.”

ఆమె కూర్చోలేదు. ఆ తడి నేల మీదే కూలబడి, టేపులో ముఖం దాచుకుని ఏడ్చింది.

“అమ్మా,” అన్నాను నేను, “నీకు సర్క్యులర్ రాలేదా?”

“ఏ సర్కులరు? మాకెవరు పంపుతారు బాబూ కాగితాలు?” అని ఆవిడ గుడ్డ పిండి, మా కాళ్ళ చుట్టూ నేల తుడుచుకుంటూ సాగిపోయింది.

సర్క్యులర్ పంపవలసిన వారి పట్టికలో నేల తుడిచేవారిని విడిచిపెట్టడం డైరెక్టరు కార్యాలయంలో దొర్లిన పెద్ద లోపం. సంఘ సభ్యుడిగా దీన్ని మంత్రిగారి దృష్టికి తీసుకురావలసిన బాధ్యత నా మీద ఉంది. ఇంతవరకు తీసుకురాలేదు.